పారిస్ రోడ్లు ఫిరంగుల కోసమే వెడల్పు చేశారా? (1830 – 1871: తిరుగుబాట్లు, బొమ్మలు, కూల్చివేతలు)

క్లాసు_బయట

డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెబుతాను. మా దగ్గర తిరిగే నోట్సులన్నింటిలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో ఆయన నియమించిన పారిస్ పాలనాధికారి హౌస్‌మన్ రోడ్లు వెడల్పు చేయించింది జనం బారికేడ్లు కట్టకుండా ఉండటానికీ, సైన్యం ఫిరంగులు పేల్చడానికీ అని. పరీక్షలో రెండు మార్కులకు ఇది చాలు. మొన్న ఒకమ్మాయి లేచి, "అంత వెడల్పు రోడ్లు వేశాక 1871లో మళ్ళీ బారికేడ్లు ఎలా కట్టారు సార్?" అని అడిగింది. నోట్సులో దానికి జవాబు లేదు.

ఇక్కడ బొమ్మలు తెలిసినవాళ్ళు, ఇంజినీర్లు, పాత మ్యాపుల పిచ్చి ఉన్నవాళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ వాక్యంలో నిజం ఎంత? తేదీల జాబితా కాకుండా నాలుగు బొమ్మలు గోడ మీద వేసి ఈ నలభై ఏళ్ళ కథ చెప్పాలంటే ఏవి పెట్టాలి? ఒకటి అందరికీ తెలిసిందే, జెండా ఎత్తిపట్టుకున్న ఆవిడ, దెలాక్రువా వేసిన 'ప్రజలను నడిపిస్తున్న స్వేచ్ఛ'. దాన్ని మా స్లైడ్లలో 1789 కింద అంటిస్తారు, అదొక బాధ.

రంగులడబ్బా

ముందు ఆ అంటించడం మాన్పించండి మాస్టారూ. అది 1830 జులై 28 నాటి సంగతి. పదో చార్లెస్ పత్రికల నోరు మూయించి, అప్పుడే ఎన్నికైన సభను రద్దు చేసి, ఉన్న కాస్త మంది ఓటర్లనూ ఇంకా తగ్గిస్తూ ఆర్డినెన్సులు ఇచ్చాడు. జులై 27, 28, 29 మూడు రోజుల్లో రాజ్యం చేజారింది. కుర్చీ మీదకి లూయీ ఫిలిప్ వచ్చాడు. దెలాక్రువా ఆ వీధి పోరాటంలో లేడు. దేశం కోసం పోరాడకపోయినా కనీసం దేశం కోసం బొమ్మ వేస్తానని ఆ అక్టోబరులో అన్నకు ఉత్తరం రాశాడు.

2.60 మీటర్లు ఎత్తు, 3.25 మీటర్లు వెడల్పు. పిల్లలకు చూపించేటప్పుడు ఆవిడను కాసేపు వదిలేసి కింద మూలకు జూమ్ చేయండి. ఎడమ పక్క ఒక శవం, ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు, ఒక కాలికి మేజోడు మిగిలింది. నడుం కింద బట్ట లేని ఆ మనిషిని దాటుకుంటూ ఆవిడ మన మీదకి వస్తోంది. కుడి పక్క రెండు చేతుల్లో రెండు పిస్తోళ్ళతో పిల్లాడు. వెనక పొగలో నోటర్ డామ్ బురుజులు, వాటి మీద కూడా చిన్నగా మూడు రంగుల జెండా. పొడవాటి టోపీ పెట్టిన పెద్దమనిషి దెలాక్రువాయే అని చాలామంది అంటారు కానీ దానికి గట్టి ఆధారం లేదు.

అసలు తమాషా ఆ తర్వాత. 1831 ప్రదర్శనలో పెడితే ప్రభుత్వమే 3,000 ఫ్రాంకులకు కొనుక్కుంది. తిరుగుబాటుతో వచ్చిన రాజుకు తిరుగుబాటు బొమ్మ గోడ మీద ఉండటం నచ్చుతుందా? కొద్ది రోజులకే లోపలికి వెళ్ళిపోయింది, తర్వాత చిత్రకారుడి ఇంటికే తిరిగి వెళ్ళింది. లూవ్ర్‌కు చేరింది 1874లో, అప్పటికి దెలాక్రువా పోయి పదేళ్ళు దాటింది.

పాత పుస్తకాల్లో ఉన్న ఫొటో వాడకండి. 2024లో శుభ్రం చేశాక రంగులు మారిపోయాయి. మనం ఇన్నాళ్ళూ పసుపు గౌను అనుకున్నది బూడిద రంగు మీద అక్కడక్కడ పసుపు. మిగతా పసుపంతా పాత వార్నిష్.

పాతసినిమా

మరి నాగయ్య గారి 'బీదలపాట్లు' ఏ విప్లవం? అందులో పిల్లాడు కూడా ఇలాగే ఉంటాడుగా.

పాతపటాలు

ఆ సినిమాకు మూలం విక్టర్ హ్యూగో నవల 'లే మిజరాబ్ల్', అందులోని బారికేడ్ 1832 జూన్‌ది, ఓడిపోయిన తిరుగుబాటు. ఆ మార్చిలో పారిస్‌లో కలరా దిగింది, ఆరు నెలల్లో సుమారు 18,000 మంది పోయారు. ప్రధాని కాసిమిర్ పెరియే కూడా దాంతోనే పోయాడు. జనానికి ఇష్టమైన జనరల్ లమార్క్ పోతే జూన్ 5న ఆయన అంతిమయాత్రలో గొడవ మొదలై, సాన్ మెరి చర్చి పక్క సందుల్లో మర్నాటికి ముగిసిపోయింది. నవల వచ్చింది మాత్రం 1862లో, అప్పటికి ఆ సందుల్లో చాలావాటిని కొట్టేస్తున్నారు.

మాస్టారు అడిగిన రెండో బొమ్మ నేను చెబుతాను. దోమియే వేసిన 'రూ ట్రాన్స్‌నోనాఁ, 1834 ఏప్రిల్ 15'. ఈ ఒక్క బొమ్మతో మీ పాఠం మొత్తం చెప్పొచ్చని నా అభిప్రాయం.

1834 ఏప్రిల్‌లో లియోన్‌లో పట్టు నేతగాళ్ళు తిరగబడ్డారు. ఆ సెగ పారిస్‌కు తగిలి, సాన్ మార్టిన్ వీధి చుట్టుపక్కల బారికేడ్లు లేచాయి. ట్రాన్స్‌నోనాఁ వీధిలో 12వ నంబరు ఇంట్లోంచి కాల్పులు వచ్చాయని సైనికులు ఆ ఇంట్లోకి చొరబడి దొరికినవాళ్ళను దొరికినట్టు చంపారు. నిద్ర లేచిన మనుషులు, ఇంటి మనుషులు. దోమియే బొమ్మలో యుద్ధం లేదు, సైనికుడు లేడు, జెండా లేదు. పడకగది. పక్క మీంచి దుప్పటి కిందకి జారి ఉంది. రాత్రి టోపీ, రాత్రి చొక్కాతో ఒకతను మంచానికి జారగిలబడి పోయాడు. అతని కింద ఏముందో వెంటనే కనపడదు. చూపు అలవాటు పడ్డాక పసిపిల్ల తల, దాని కింద నెత్తురు. ఎడమ పక్క చీకట్లో ఒక ఆడమనిషి, కుడి అంచున ముసలాయన ముఖం. కుర్చీ తిరగబడి ఉంది. ఇదంతా అచ్చు తీయడానికి వాడే లితో రాయి మీద నల్లటి జిడ్డు పెన్సిల్‌తో.

పత్రికల కేసుల ఖర్చు కోసం చందాదారులకు అమ్మిన ప్రింటు ఇది. షాపు అద్దంలో పెడితే జనం గుమిగూడారు. పోలీసులు రాయినీ, దొరికిన కాపీలనూ పట్టుకుపోయారు. దోమియేకు ఇది కొత్త కాదు, రాజు బుట్టల కొద్దీ డబ్బు మింగుతున్నట్టు బొమ్మ వేసినందుకు అంతకుముందే ఆరు నెలల శిక్ష పడింది. 1835 సెప్టెంబరులో చట్టం తెచ్చి రాజకీయ కార్టూన్లకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు.

ఇప్పుడు మ్యాపు తీయండి. ట్రాన్స్‌నోనాఁ వీధి ఎక్కడా కనపడదు. 1851లో దాన్ని బోబూర్ వీధిలో కలిపేసి పేరు తీసేశారు. తర్వాత హౌస్‌మన్ తన ఆత్మకథలో, తుర్బిగో వీధి పూర్తి కావడంతో ట్రాన్స్‌నోనాఁ వీధి పారిస్ మ్యాపు నుంచే మాయమైందని ఆశ్చర్యార్థకం పెట్టి మరీ రాసుకున్నాడు. రోడ్డు వేసినవాడికి ఆ వీధి పేరు అన్నేళ్ళ తర్వాత కూడా గుర్తుందంటే, ఎందుకు గుర్తుందో వేరే చెప్పాలా?

డ్రైనేజీ_తాతయ్య

అయ్యా, మీరంతా బొమ్మలు చూసి రోడ్డు సంగతి తేలుస్తున్నారు. నేను మున్సిపల్ ఇంజినీరుగా చేసి రిటైరైనవాణ్ణి, భూమి కింద ఏముందో కూడా చూడాలంటాను.

1801లో పారిస్ జనాభా ఐదున్నర లక్షలు. 1846కి పది లక్షలు దాటింది. రోడ్లు అవే, నూతులు అవే, సెప్టిక్ గుంటలు అవే. 1832లో కలరా, 1849లో మళ్ళీ కలరా. ఊరి చుట్టూ రైల్వే స్టేషన్లు వచ్చాయి, స్టేషన్‌లో దిగినవాడు ఊరి మధ్యకు వెళ్ళాలంటే ఒక బండి పట్టే సందు లేదు. సెబాస్తొపోల్ బులెవార్డు (అంటే పెద్ద వెడల్పు రోడ్డు) మ్యాపు మీద చూడండి, పైనున్న స్ట్రాస్‌బూర్ బులెవార్డుతో కలిసి ఉత్తరాన 'తూర్పు స్టేషన్' (గార్ ద లెస్ట్) నుంచి దక్షిణాన నదిదాకా తిన్నగా వస్తుంది, ముప్పై మీటర్ల వెడల్పు. 1858లో దానికి అడ్డంగా పెద్ద తెర కట్టి, చక్రవర్తి వచ్చాక ఆ తెర లాగి ప్రారంభించారు. నాటకం అనుకోండి.

కానీ దాని కింద బెల్‌గ్రాన్ అనే ఇంజినీరు కట్టిన డ్రెయిన్లున్నాయి, మనిషి నిలబడి నడవగలిగినంత ఎత్తు. మంచినీళ్ళ గొట్టాలు కూడా అదే సొరంగంలో పైన వేలాడతాయి. రిపేరు వస్తే రోడ్డు తవ్వక్కర్లేదు. మన దగ్గర ఈ మాట నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో! ద్యుయీ నది నీళ్ళను 131 కిలోమీటర్ల కాలువతో పారిస్‌కు తెచ్చింది కూడా ఆయనే, 1865లో. 1867 ఎక్స్‌పోకి వచ్చిన పెద్దమనుషులు డ్రైనేజీ చూడటానికి దిగారు. ఫిరంగుల కోసమే అయితే ఇదంతా ఎందుకు?

ఎర్రసిరా

తాతగారూ, డ్రైనేజీని ఎవరూ కాదనలేదు. ఎవరి ఇంటి కింద వేశారు, ఎవరిని లేపి వేశారు అన్నదే అసలు ప్రశ్న.

1848ని అందరూ దాటేసి హౌస్‌మన్ దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఫిబ్రవరి 23న కాపుసీన్ బులెవార్డులో సైనికులు గుంపు మీద కాల్చారు. శవాలను బండి మీద వేసి రాత్రంతా ఊరేగించారు. మర్నాడు లూయీ ఫిలిప్ దిగిపోయాడు, రిపబ్లిక్ వచ్చింది, మగవాళ్ళందరికీ ఓటు వచ్చింది, పని లేనివాళ్ళకు ప్రభుత్వం 'జాతీయ వర్క్‌షాపులు' పెట్టింది. నాలుగు నెలలు తిరగలేదు, అదే రిపబ్లిక్ ఆ వర్క్‌షాపులు మూసేసింది. జూన్ 23 నుంచి 26 దాకా తూర్పు పారిస్ అంతా బారికేడ్లు. జనరల్ కవెన్యాక్ ఫిరంగులతోనే కూల్చాడు. గమనించండి, ఇరుకు సందుల్లో కూడా ఫిరంగి పనిచేసింది.

మూడో బొమ్మ ఇక్కడ పెట్టండి మాస్టారూ. మెసోనియే వేసిన 'బారికేడ్'. 29 సెంటీమీటర్లు ఎత్తు, 22 వెడల్పు, నోటు పుస్తకం అంత. దెలాక్రువా బొమ్మ పక్కన పెడితే ఏమైందో మాటలక్కర్లేదు. సందు మధ్యలో పీకేసిన రాళ్ళ కుప్ప, ఆ రాళ్ళ మధ్య మనుషులు, ఏది రాయో ఏది మనిషో తెలియదు. నిలబడినవాడు ఒక్కడు లేడు, జెండా లేదు. చొక్కాల తెలుపు, బట్టల నీలం, ఎరుపు చెదిరి ఉన్నాయి, ఉన్న జెండా అదే. మెసోనియే అప్పుడు నేషనల్ గార్డు అనే పౌర దళంలో ఫిరంగి విభాగం కెప్టెన్. అంటే వాళ్ళను చంపిన వైపు నిలబడినవాడే ఈ బొమ్మ వేశాడు.

రంగులడబ్బా

దీన్ని మించిన మూడో బొమ్మ లేదు. చిన్న చేర్పు: మెసోనియే దీని నీటిరంగుల చిత్రాన్ని దెలాక్రువాకు ఇచ్చాడు. 1830 బారికేడ్ వేసినవాడి దగ్గరకి 1848 బారికేడ్ చేరింది.

పాతసినిమా

మా కాలనీలో రోడ్ వైడెనింగ్‌కి మార్కింగ్ వేసి ఏడాదైంది, వాళ్ళకి హౌస్‌మన్ దొరికాడు, మనకి...

నిర్వాహకుడు

హైదరాబాద్ రోడ్ వైడెనింగ్‌కి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ పారిస్ మాత్రమే.

డ్రైనేజీ_తాతయ్య

ఎర్రసిరా బాబూ, లేపిన మాట నిజం. ఆ లెక్క కూడా చెబుతా, ఎందుకంటే అందులోనే హౌస్‌మన్ మునిగాడు.

1852 మార్చి డిక్రీతో రోడ్డుకు కావలసిన ముక్కే కాకుండా స్థలం మొత్తం తీసుకునే అధికారం నగరానికి వచ్చింది. రోడ్డు వేశాక మిగిలిన ముక్కలకు రేటు పెరుగుతుంది, అవి అమ్ముకుంటే ఖర్చు తిరిగొస్తుందని లెక్క. 1858లో ఫ్రాన్స్ పరిపాలనా న్యాయస్థానం అడ్డం కొట్టింది, మిగిలిన ముక్కలు పాత యజమానికే ఇచ్చేయాలంది. నష్టపరిహారం తేల్చే జ్యూరీలో కూర్చున్నవాళ్ళు ఎవరు? వాళ్ళూ ఇళ్ళ యజమానులే. ఉదారంగా రాసిచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం. ఇక అప్పు మీద అప్పు, కాంట్రాక్టర్ల పేరుతో బాండ్లు. మొత్తం సుమారు 250 కోట్ల ఫ్రాంకులు. జ్యూల్ ఫెర్రీ అనే లాయరు ఈ లెక్కల మీద కరపత్రం రాసి పేరు తెచ్చుకున్నాడు. 1870 జనవరిలో హౌస్‌మన్‌ను ఇంటికి పంపారు. పంపింది రోడ్లకు కాదు, అప్పులకు.

ఎర్రసిరా

పరిహారం యజమానికి, షాపు నడిపేవాడికి. గదిలో కిరాయికి ఉన్నవాడికి? నోటీసు. కూల్చిన చోట లేచిన ఇళ్ళ కిరాయి వాడు కట్టలేడు. బెల్‌విల్, మెనిల్‌మోంతాఁ వైపు గుట్ట ఎక్కాడు. 1860 జనవరిలో ఆ శివార్లను కూడా పారిస్‌లో కలిపేశారు, 12 వార్డులు 20 అయ్యాయి. కలపగానే ఏం జరిగింది? నగరం సరిహద్దులో వసూలు చేసే సుంకం గుట్ట మీదకీ వచ్చింది, అక్కడ చవగ్గా దొరికే వైన్ రేటు పెరిగింది. కూల్చిన ఇళ్ళలోంచి పోయినవాడు ఎక్కడికి పోయాడో అక్కడికే మున్సిపాలిటీ వెంటపడింది.

రోడ్లు వేసినవాళ్ళు కూడా వీళ్ళలోనే ఉన్నారు. క్రజ్ జిల్లా నుంచి ఏటా వసంతంలో నడుచుకుంటూ వచ్చే తాపీ పనివాళ్ళు, ఒక్క గదిలో పదిమంది పడుకునేవాళ్ళు. వాళ్ళలో మార్టిన్ నదో అనే తాపీమేస్త్రి 1849లో పార్లమెంటుకే ఎన్నికయ్యాడు, 1851 డిసెంబరులో మూడో నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్న కుట్ర తర్వాత దేశం విడిచి పోవాల్సి వచ్చింది.

క్లాసు_బయట

ఇంతవరకు అద్భుతం. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఫిరంగుల కోసమా, కాదా? ఒక మాట చెప్పండి.

పాతపటాలు

హౌస్‌మన్ మాటే వినండి, రెండు నాల్కలు. 1890లలో వచ్చిన ఆత్మకథలో ఒకచోట, సెబాస్తొపోల్ బులెవార్డు గీసేటప్పుడు చక్రవర్తి మనసులో సైనిక ప్రయోజనం లేదని అంటాడు. అదే చోట, ఇది పాత పారిస్ కడుపు చీల్చడమే, అల్లర్లూ బారికేడ్లూ పుట్టే పేటను ఈ చివర నుంచి ఆ చివర దాకా చీల్చేశామని గర్వంగా రాసుకుంటాడు. దేశమంతటి డబ్బు పారిస్ రోడ్ల మీద పెట్టడానికి ఈ ప్రయోజనం ఒక సమర్థన అని కూడా సూచిస్తాడు. పల్లెల నుంచి వచ్చిన సభ్యులకు పారిస్ డ్రైనేజీ ఎందుకు? పారిస్ గుంపు మళ్ళీ ప్రభుత్వాన్ని దింపదంటే మాత్రం చేయెత్తుతారు.

కొన్నిచోట్ల దాపరికమే లేదు. సాన్ మార్టిన్ కాలువ తిరుగుబాటు పేట అయిన ఫోబూర్ సాంత్ ఆంత్వాన్‌కు కందకంలా పనికొచ్చేది. దాని నీటి మట్టం దించి, పైన కమాను కప్పి రిషార్ లెన్వార్ బులెవార్డు వేశారు. ఇప్పుడు రిపబ్లిక్ కూడలి అంటున్నచోట పెద్ద బ్యారక్స్ కట్టి, అక్కడి నుంచి తూర్పు పేటల్లోకి ఏటవాలుగా రోడ్డు కొట్టారు, నేటి వోల్తేర్ బులెవార్డు. నగరపాలక భవనం వెనక మరో బ్యారక్స్, ఆ భవనానికీ దీనికీ మధ్య నేల కింద దారి.

పశ్చిమాన, ఒపెరా వైపు వేసిన రోడ్లకు మాత్రం ఈ కారణం అతకదు. అక్కడ బారికేడ్ కట్టేవాళ్ళే లేరు. అక్కడ బ్యాంకు, భూమి రేటు, షాపుల అద్దాలు. ఒక్కో రోడ్డుకు ఒక్కో కారణం మాస్టారూ. "కోసమే" అన్న మాటలోని 'ఏ' తీసేస్తే మీ నోట్సు వాక్యం దాదాపు సరైనదే.

ఇంకోటి, బులెవార్డులన్నీ హౌస్‌మన్‌వి కావు. ఎర్రసిరా చెప్పిన కాపుసీన్ బులెవార్డు పద్నాలుగో లూయీ కోటగోడలు కొట్టేయించినప్పటి వరస. 1848లో కాల్పులు జరిగిన ఆ రోడ్డు మీదే, 35వ నంబరులో, 1874 ఏప్రిల్‌లో మోనె, రెన్వార్, దెగా వగైరా ఇంప్రెషనిస్టు చిత్రకారులు మొదటి ప్రదర్శన పెట్టారు.

ఎర్రసిరా

ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు. 1871లో తిరుగుబాటు బారికేడ్లతో మొదలవలేదు. 1870లో మూడో నెపోలియన్ పడిపోయాక జరిగిన ప్రష్యా ముట్టడి వల్ల పారిస్‌లో నేషనల్ గార్డు చేతికి తుపాకులు వచ్చాయి, ఫిరంగులూ ఉన్నాయి, వాటిలో కొన్ని జనం చందాలతో పోత పోయించినవే. మార్చి 18 తెల్లవారుజామున మోన్‌మార్త్ర్ గుట్ట మీది ఫిరంగులు పట్టుకుపోవడానికి సైన్యం వెళ్ళింది. గుట్ట ఎక్కింది, ఫిరంగులు పట్టుకుంది, లాక్కెళ్ళే గుర్రాలు మాత్రం టైముకు రాలేదు. ఈలోగా ఆడవాళ్ళు లేచి వీధుల్లోకి వచ్చారు, సైనికులు వాళ్ళతో కలిసిపోయారు. సాయంత్రానికి ప్రభుత్వమే వెర్సాయ్‌కి పారిపోయింది, పారిస్ పాలన జనం ఎన్నుకున్న 'కమ్యూన్' చేతికి వచ్చింది. దీన్ని ఏ రోడ్డు వెడల్పు ఆపుతుంది?

బారికేడ్లు చివర్లో వచ్చాయి, కాపాడుకోవడానికి. మే 21న సైన్యం పశ్చిమం నుంచి చొరబడింది. వెడల్పు రోడ్లకు అడ్డంగా కోటల్లాంటివి కట్టారు. గయ్యార్ అనే చెప్పులు కుట్టే ఆయన కాంకోర్డ్ కూడలి దగ్గర కట్టించిన బారికేడ్ చాలా ప్రసిద్ధి, దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాడు. సైన్యం ఎదురుగా రాలేదు. పక్క రోడ్లలోంచి, ఇళ్ళ గోడలకు కన్నాలు పెట్టి వెనక్కి వచ్చింది. అయినా ఎనిమిది రోజులు పట్టింది. చివరి బారికేడ్లు ఎక్కడున్నాయి? బెల్‌విల్ వైపు, మధ్య పారిస్ నుంచి లేపేసిన జనం చేరిన గుట్ట మీద. చచ్చినవాళ్ళ లెక్క ఇప్పటికీ తెగలేదు. తక్కువ వేసేవాళ్ళు ఆరేడు వేలంటారు, ఎక్కువ వేసేవాళ్ళు ఇరవై వేలు పైనే అంటారు.

డ్రైనేజీ_తాతయ్య

అంటే వెడల్పు రోడ్డు తిరుగుబాటును ఆపలేదు, అణచడానికి మాత్రం పనికొచ్చింది. ఒప్పుకుంటున్నా. నగరపాలక భవనం ఆ వారంలోనే కాలిపోయింది కదా, మూడో నెపోలియన్ రంగు పెన్సిళ్ళతో గీసి హౌస్‌మన్‌కిచ్చిన మ్యాపు అందులోనే బూడిదైంది. నాకు అన్నిటికంటే దానికే బాధ.

పాతపటాలు

తాతగారికి తగ్గ బాధ! నాకైతే తియేర్ అనే మనిషి దగ్గర బుర్ర తిరుగుతుంది. 1830లో ఆర్డినెన్సుల మీద పత్రికల వాళ్ళ నిరసన పత్రం రాసిన జర్నలిస్టు తియేర్. 1834లో ట్రాన్స్‌నోనాఁ వీధి హత్యలప్పుడు హోంమంత్రి తియేర్. 1840లలో పారిస్ చుట్టూ కొత్త కోటగోడ కట్టించింది తియేరే, 1860లో నగరం హద్దు ఆ గోడ దాకా జరిగింది. 1871లో ప్రభుత్వ పెద్దగా తన సైన్యంతో తన గోడ మీదే గుండ్లు వేయించాడు. ఇలాంటి పాత్రను నవలలో పెడితే నమ్మరు.

సెన్_ఒడ్డున

నేను పారిస్ శివారులో ఉంటాను, ఉద్యోగం ఊరి మధ్యలో. మీ చర్చ చదివాక మధ్యాహ్నం భోజనం టైములో బోబూర్ వీధికి వెళ్ళొచ్చా. రంగు రంగుల గొట్టాల పాంపిడూ సెంటర్ వెనక వైపున్న రోడ్డే ఇది. ఉత్తరానికి నడిస్తే తుర్బిగో వీధి ఏటవాలుగా కోసుకుంటూ వస్తుంది. కూడలిలో నిలబడితే తేడా తెలుస్తుంది. తుర్బిగో మీద ఒకే ఎత్తు రాతి ఇళ్ళు, ఒకే వరస బాల్కనీలు. పక్క సందులోకి తిరిగితే గోడలు వంకరగా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాలి. ఆ సందును రాళ్ళతో, తిరగేసిన బండితో మూసేయడానికి పావుగంట కూడా పట్టదు. తుర్బిగోను మూయాలంటే ఊరంతా రావాలి.

బెల్‌విల్‌కు మెట్రో దిగి నడిస్తే ఎంత ఎత్తో కాళ్ళకు తెలుస్తుంది. అక్కడి బ్యూట్ షోమాఁ పార్కులో కొండ, జలపాతం అన్నీ మనుషులు చేసినవే. పాత జిప్సం క్వారీని 1867కి పార్కుగా మార్చారు. నాలుగేళ్ళకు అదే పార్కులో శవాలను పూడ్చారు. ఇప్పుడు ఆదివారం పూట కాలు పెట్టే చోటుండదు.

పాతసినిమా

అప్పుడు మన యానాం ఫ్రెంచివాళ్ళదేగా? ఈ గొడవలు అక్కడికి తాకలేదా? (ఇది పారిస్‌కి సంబంధించిందే, తీసేయకండి.)

పాతపటాలు

తాకాయి, ఓటు రూపంలో. 1848 రిపబ్లిక్ ఫ్రెంచి ఇండియాకు పారిస్ సభలో ఒక సీటిచ్చింది, పుదుచ్చేరి, కారైకాల్, మాహె, చంద్రనగరం, యానాం అన్నిటికీ కలిపి. మూడో నెపోలియన్ వచ్చాక అది పోయింది. 1871లో మళ్ళీ వచ్చింది.

రంగులడబ్బా

నాలుగో బొమ్మ తేల్చాలి. నా ఓటు కైబోత్ 1877లో వేసిన 'పారిస్ వీధి, వాన రోజు'కు. షికాగోలో ఉంది, దాదాపు నిలువెత్తు మనుషులు. దబ్లిన్ కూడలి, సాన్ లజార్ స్టేషన్ దగ్గర. మధ్యలో ఆకుపచ్చ దీపస్తంభం బొమ్మను రెండుగా కోస్తుంది. కుడి పక్క గొడుగు కింద దంపతులు మన మీదకే నడిచొస్తున్నారు. ఎడమ సగమంతా తడిసిన రాళ్ళ రోడ్డు, ఒక్కొక్క రాయీ విడివిడిగా వేశాడు. ఆ రాళ్ళు చూడండి. మెసోనియే బొమ్మలో శవాల మధ్య పీకేసిన రాళ్ళు ఇవే సైజు. ఇక్కడ నున్నగా వరసలో కూర్చున్నాయి, ఎవరూ ఎవరినీ చూడటం లేదు. కైబోత్ తండ్రి డబ్బు సంపాదించింది సైన్యానికి పరుపులు, దుప్పట్లు సరఫరా చేసి. ఆ డబ్బుతో కొత్త పేటలో ఇల్లు కట్టారు. కమ్యూన్ పడిపోయి అప్పటికి ఆరేళ్ళే.

ఎర్రసిరా

బొమ్మ గొప్పదే. కానీ గొడుగులతో ముగిస్తే పిల్లలు అంతా సర్దుకుందనుకుంటారు. నా ఓటు కూర్బెకు.

వాందోమ్ స్తంభం మొదటి నెపోలియన్ విజయాలకు గుర్తు, పైన ఆయన విగ్రహం. 1870 సెప్టెంబరులో దాన్ని విప్పి తీసేయాలని చిత్రకారుడు కూర్బె అర్జీ పెట్టాడు. కమ్యూన్ దాన్ని కూల్చాలని తీర్మానించింది 1871 ఏప్రిల్ 12న, అప్పటికి కూర్బె కమ్యూన్ సభ్యుడే కాదు, ఎన్నికైంది నాలుగు రోజుల తర్వాత. మే 16న కూల్చారు. తర్వాత దొరికింది ఆయనే. ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా. అంతటితో వదల్లేదు, స్తంభం మళ్ళీ నిలబెట్టే ఖర్చు ఆయన మీద రాశారు: 3,23,091 ఫ్రాంకులు. స్విట్జర్లాండ్ పారిపోయాడు. ఇక్కడ ఆయన బొమ్మలు జప్తు చేసి వేలం వేశారు. ఏడాదికి 10,000 చొప్పున 33 ఏళ్ళు కట్టమన్నారు, మొదటి వాయిదా 1878 జనవరి 1. ఆయన డిసెంబరు 31న పోయాడు.

డ్రైనేజీ_తాతయ్య

కథ బాగుంది కానీ ఇది బొమ్మ కాదుగా. మాస్టారు గోడ మీద ఏం వేస్తారు, బిల్లా?

రంగులడబ్బా

ఫొటో ఉంది తాతగారూ. బ్రాకెయే అని చెవులు వినపడని ఫొటోగ్రాఫర్, కమ్యూన్ రోజుల్లో కెమెరా పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. స్తంభం పడిపోయాక నేల మీద పడి ఉన్న నెపోలియన్ విగ్రహం చుట్టూ జనం నిలబడి తీయించుకున్న ఫొటో ఆయనదే. టోపీలు సర్దుకుని, ముఖాలు కెమెరా వైపు తిప్పి నిలబడ్డారు. తర్వాత పోలీసులు అప్పటి ఫొటోలు చేతిలో పట్టుకుని మనుషుల్ని వెతికారు. ఎర్రసిరా చెప్పిన చోట ఇది పెట్టొచ్చు. నా గొడుగుల బొమ్మకు మాత్రం నేను మాట మార్చను.

క్లాసు_బయట

అయితే ఐదు పెడతాను. తాతగారూ, మీరు చెప్పిన డ్రైనేజీ సొరంగం లోపలి ఫొటో ఏదైనా దొరికితే ఇక్కడ పెట్టండి, అదీ కలుపుతా.

డ్రైనేజీ_తాతయ్య

నాదార్ తీసినవి ఉన్నాయి బాబూ, 1860లలో కరెంటు దీపాలతో. కొన్ని ఫొటోలకు పద్దెనిమిది నిమిషాల దాకా పట్టేది కాబట్టి కొన్నిచోట్ల పనివాళ్ళ బదులు మనిషి బొమ్మలు నిలబెట్టాడు. రేపు లింకు పెడతా.